పురుటికి ముందు కరెంటు ఏర్పాట్లు: మాధవధార ఇంటి ప్రాజెక్టు డైరీ

అక్టోబరు రెండో వారం

మా పెద్దమ్మాయికి డాక్టరు డిసెంబరు మొదటి వారం డేట్ ఇచ్చారు. నవంబరు మధ్యకల్లా పురుటికి ఇంటికి వస్తుంది. బంగాళాఖాతంలో తుఫాన్లు పుట్టే కాలం కూడా సరిగ్గా ఇదే. అందుకని కరెంటు పోతే ఏం చేయాలో ఈసారి ముందే కూర్చుని తేల్చుకోవాలనుకున్నాను. చేసినవి చేసినట్టు ఇక్కడ రాసి పెడుతున్నాను. బాలింత ఉన్న ఇల్లు ఇంకెవరిదైనా ఉంటే పనికొస్తుంది.

విశాఖలో మామూలు రోజుల్లో కరెంటు కోత పెద్ద బాధేమీ కాదు. గంటో రెండు గంటలో పోతుంది, వచ్చేస్తుంది. నా టెన్షన్ దాని గురించి కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నేరుగా మన ఊరి మీదే తీరం దాటింది. స్తంభాలు వరసగా పడిపోయాయి, ట్రాన్స్‌ఫార్మర్లు పాడయ్యాయి, కొన్ని పేటలకు కరెంటు తిరిగి రావడానికి వారం పైనే పట్టింది. పాలకు క్యూ, మంచినీళ్ళకు క్యూ, పెట్రోలుకు క్యూ. ఆ తర్వాత నగరంలో కొన్ని చోట్ల తీగలు తీసేసి భూమిలో కేబుళ్ళు వేశారు. మా వీధిలో మాత్రం ఇంకా స్తంభాలే, వాటిని ఆనుకుని చెట్లే. కాబట్టి లెక్క గంటల్లో కాకుండా మూడు రోజులకు వేసుకున్నాను.

ఆ మూడు రోజులూ ఇంట్లో ఉండేది పచ్చి బాలింత, పసిబిడ్డ, ఆయాసం ఉన్న మా అత్తగారు. వాళ్ళకు కావలసినవి వేడినీళ్ళు, బిడ్డకు వెచ్చదనం, దోమలు ముసరకుండా ఫ్యాను, రాత్రి చిన్న వెలుతురు, అత్తగారికి ఆయాసం మందును ఆవిరిలా పీల్పించే నెబ్యులైజర్, ఫోన్లకు ఛార్జింగు. మిగతావి ఉంటే మంచిదే, లేకపోయినా రోజులు గడుస్తాయి.

అదే వారం, కొలతలు

ప్లగ్గుకు, సామానుకు మధ్య పెట్టే చిన్న వాట్ మీటరు ఒకటి కొన్నాను. ఊహించుకోవడం కన్నా కొలవడం మేలు. పాత సీలింగ్ ఫ్యాను ఫుల్ స్పీడులో 75 వాట్లు తింటోంది. హాల్లో కొత్తగా పెట్టిన, తక్కువ కరెంటుతో నడిచే బీఎల్‌డీసీ రకం ఫ్యాను 30 వాట్ల దగ్గరే ఆగింది. ఎల్ఈడీ బల్బు 9, వైఫై రౌటర్ 12, నెబ్యులైజర్ 120. నెబ్యులైజర్ అంకె పెద్దదే అయినా అది నడిచేది పది నిమిషాలు. అంటే ఒక్కసారికి యూనిట్‌లో యాభయ్యో వంతు. దాన్ని చూసి భయపడక్కర్లేదని అప్పుడే తేలిపోయింది.

తర్వాత గీజర్ సంగతి. 15 లీటర్లది, 2000 వాట్లు. నీటి మోటారు ఒక హార్స్ పవర్. స్టార్ట్ అయ్యే క్షణంలో అది మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. ఈ రెంటినీ కాగితం మీద ఎర్ర గీత కింద వేరుగా రాశాను. మోటారుకు పరిష్కారం సులువే. తుఫాను హెచ్చరిక రాగానే డాబా మీది వెయ్యి లీటర్ల ట్యాంకు నింపేసి, మూత తాడుతో కట్టేస్తే నీళ్ళు వాటంతట అవే దిగుతాయి. గీజర్ దగ్గరే అసలు చిక్కు.

అక్టోబరు మూడో వారం

డాబాగార్డెన్స్‌లో ఒక షాపుకు వెళ్ళాం. "గీజర్ కూడా నడవాలి" అని మా వారు అనగానే షాపతను నాలుగు బ్యాటరీల సిస్టమ్ చూపించాడు. బ్యాటరీ ఒక్కోటి యాభై కిలోల పైమాటే. మొత్తం ఖర్చు లక్ష దాటుతుందన్నాడు. అతను చెప్పింది అబద్ధం కాదు, దాని మీద గీజర్ నడుస్తుంది. కానీ ఇంటికొచ్చి లెక్క వేస్తే నాకు మనసొప్పలేదు.

నవంబరు, డిసెంబరుల్లో మా కుళాయి నీళ్ళు 26 డిగ్రీల దగ్గర ఉంటాయి. స్నానానికి 42 డిగ్రీలు కావాలి. ఇరవై లీటర్ల బక్కెట్ నీళ్ళను అంత వేడి చేయడానికి దాదాపు 0.4 యూనిట్ పడుతుంది. ఇది నీటి స్వభావం. ఏ కంపెనీ గీజర్ పెట్టినా, హీటర్ కడ్డీ పెట్టినా తగ్గదు. బాలింతకు రెండు బక్కెట్లు, బిడ్డకు, అత్తగారికి కలిపి ఒకటి అనుకుంటే రోజుకు యూనిట్ పైనే.

ఇప్పుడు బ్యాటరీ చూడండి. 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు), 12 వోల్టులు అంటే కాగితం మీద 1.8 యూనిట్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీని పూర్తిగా పిండేస్తే దాని ఆయుష్షు పోతుంది కాబట్టి అరవై శాతం దగ్గర ఆపాలి. అంటే చేతికొచ్చేది ఒక యూనిట్ చిల్లర. పైగా ఆ 150 అంకెను మామూలుగా ఇరవై గంటల లెక్కన ఇస్తారు. అంటే 7.5 ఆంపియర్ల చొప్పున మెల్లగా వాడుకుంటేనే అంత ఇస్తుంది. గీజర్ లాంటిది ఒక్కసారిగా నూట అరవైకి పైగా ఆంపియర్లు లాగితే అందులో చాలా భాగం అందదు. తేలిందేమిటంటే, ఒక బ్యాటరీలో రాత్రంతా ఇంటికి సరిపోయే శక్తి ఒక్క పూట స్నానాలకు చెల్లిపోతుంది.

అక్కడే నా నిర్ణయం కుదిరింది. వేడికి బ్యాటరీ వాడను. వేడి నిప్పు నుంచి తెచ్చుకోవచ్చు, ఎండ నుంచి తెచ్చుకోవచ్చు, పసిబిడ్డకైతే తల్లి ఒంటి నుంచే వస్తుంది. ఫ్యాను తిరగడానికి, బల్బు వెలగడానికి, నెబ్యులైజర్ కొట్టుకోవడానికి మాత్రం కరెంటు తప్ప వేరే దారి లేదు. బ్యాటరీ వాటికే.

అక్టోబరు చివర, డల్లాస్ ఫోను

మా అన్నయ్య కొడుకు డల్లాస్ దగ్గర ఉంటాడు. ఈ లెక్క చెబుతుంటే, "అత్తా, మా ఇంటికీ ఇదే లెక్క వేసి పెట్టు" అన్నాడు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుఫాను వచ్చి లక్షల ఇళ్ళకు కరెంటు పోయినప్పుడు వాడు అక్కడే ఉన్నాడు. వాడింట్లో ఉన్నది గ్యాస్ ఫర్నేస్. పైపులో గ్యాస్ వస్తూనే ఉంది, ఇల్లు మాత్రం గడ్డకట్టింది. ఎందుకంటే వేడి గాలిని గదులకు తోసే బ్లోయరు, మంట వెలిగించే ఇగ్నైటరు, కంట్రోల్ బోర్డు అన్నీ కరెంటు మీదే నడుస్తాయి.

వాడి ఫర్నేస్ 80,000 బీటీయూలది. మన లెక్కలో 23 కిలోవాట్ల వేడి. అదంతా గ్యాస్ ఇస్తుంది. దాన్ని నడపడానికి కావలసిన కరెంటు మాత్రం 600, 700 వాట్లు. కాబట్టి చిన్న 2000 వాట్ల ఇన్వర్టర్ జనరేటర్ చాలు, లేదా పెద్ద సైజు బ్యాటరీ పెట్టె. అదే పూర్తిగా కరెంటు కాయిల్స్‌తో వేడయ్యే ఇల్లయితే 10, 15 కిలోవాట్లు కావాలి. దానికి ఇంటి పక్కన పెద్ద జనరేటర్ కూర్చోబెట్టాల్సిందే. విశాఖలోనైనా డల్లాస్‌లోనైనా అడగాల్సిన ప్రశ్న ఒకటే: వేడి ఎక్కడి నుంచి వస్తోంది, కరెంటు ఏ పని చేస్తోంది?

వాడికి ఇంకో మూడు సంగతులు గట్టిగా చెప్పాను. కొన్ని ఫర్నేసులు మంట ఉందో లేదో న్యూట్రల్ (కరెంటు తిరిగొచ్చే తీగ), ఎర్త్ కలిసి ఉన్న కనెక్షన్ ఆధారంగా తెలుసుకుంటాయి. చిన్న జనరేటర్లలో ఆ రెండూ కలిసి ఉండకపోవచ్చు. అప్పుడు మంట వెలిగి, కొన్ని క్షణాల్లో ఆరిపోతుంది. చలికాలం రాకముందే లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో ట్రాన్స్‌ఫర్ స్విచ్ (ఇంటిని లైను నుంచి జనరేటర్‌కు మార్చేది) పెట్టించుకుని, ఒకసారి నడిపి చూసుకోమన్నాను. రెండోది, లిథియం బ్యాటరీని గరాజ్‌లో పెట్టొద్దన్నాను. సున్నా డిగ్రీల కింద దాన్ని ఛార్జ్ చేస్తే సెల్స్ పాడవుతాయి. మూడోది జనరేటర్ పొగ. ఇంటికి ఇరవై అడుగుల దూరంలో, కిటికీలకు ఎదురుగా కాకుండా పెట్టాలి. గరాజ్ తలుపు తీసి ఉంది కదా అని లోపల పెట్టి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు.

నవంబరు మొదటి వారం, బ్యాటరీ ఎంపిక

లిథియం కొనాలా, ట్యూబులర్ (లెడ్ యాసిడ్‌లో ఒక రకం) కొనాలా అని ఇంట్లో చాలా చర్చే జరిగింది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ తేలిక, నీళ్ళు పోయక్కర్లేదు, త్వరగా ఛార్జ్ అవుతుంది, ఎనభై తొంభై శాతం దాకా వాడుకోవచ్చు, వేల సార్లు ఛార్జ్ చేసినా తట్టుకుంటుంది. ధర రెట్టింపు పైన చెప్పారు. రోజూ నాలుగైదు గంటలు కరెంటు పోయే ఊరయితే కళ్ళు మూసుకుని అదే కొనేదాన్ని. మా ఇంట్లో బ్యాటరీ ఏడాదిలో ఎక్కువ రోజులు నిండా ఛార్జ్ అయి ఊరికే కూర్చుంటుంది. వేల సార్లు ఛార్జ్ చేసే అవసరం ఎప్పుడొస్తుంది? అందుకని 150 ఏహెచ్ ట్యూబులర్ ఒకటి, లైను కరెంటు లాంటి కరెంటే ఇచ్చే ప్యూర్ సైన్‌వేవ్ ఇన్వర్టర్ ఒకటి తీసుకున్నాం. సైన్‌వేవ్ దగ్గర మాత్రం రాజీ పడొద్దు. చవక స్క్వేర్‌వేవ్ మీద మామూలు ఫ్యాన్లు గుయ్యిమంటాయి, మోటార్లు వేడెక్కుతాయి. నెబ్యులైజర్‌లో ఉన్నదీ మోటారే.

పెట్రోలు జనరేటర్ వద్దనుకోవడానికి కారణం హుద్‌హుద్ నాటి బంకుల ముందు క్యూలు. పురిటి బిడ్డ ఉన్న ఇంట్లో ఆ చప్పుడు, ఆ పొగ కూడా నాకు ఇష్టం లేదు.

డాబా మీద సోలార్ పెట్టించుకోమని చాలామంది అన్నారు. కేంద్ర ప్రభుత్వ పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది, మంచి పథకం. కానీ మామూలుగా పెట్టే, వీధి లైనుకు కలిపి నడిచే ఆన్‌గ్రిడ్ సిస్టమ్ కరెంటు పోగానే తనంతట తానే ఆగిపోతుంది. లైను బాగు చేసే లైన్‌మన్‌కు మన డాబా మీది కరెంటు తగలకుండా చేసిన కట్టడి అది, సరైనదే. పవర్ కట్‌లో పనికి రావాలంటే బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ కావాలి. బిల్లు తగ్గించుకోవడం వేరు, బ్యాకప్ వేరు. ఈ తేడా కొనేముందే అడిగి తెలుసుకోవాలి.

నవంబరు, వైరింగు

మా ఇల్లు పాతది. కింది పోర్షన్‌లో మేము, పైన అద్దెకున్నవాళ్ళు. మీటర్లు వేరు. మా వీధి ఎలక్ట్రీషియన్ కుర్రాడు ఇన్వర్టర్ లైను లాగి స్విచ్ వేశాడో లేదో ఆర్‌సీసీబీ (షాక్ కొట్టకుండా కరెంటు ఆపేసే స్విచ్) ట్రిప్ అయింది. మళ్ళీ వేస్తే మళ్ళీ ట్రిప్. "మేడం, ఆర్‌సీసీబీ తీసేసి డైరెక్ట్ ఇచ్చేద్దామా? చాలా ఇళ్ళల్లో అలాగే ఉంది" అన్నాడు. "వద్దు బాబూ, తడి చేతుల ఇల్లు ఇది. ఎందుకు కొడుతోందో చూద్దాం" అన్నాను.

ఒక్కో సర్క్యూట్ విడదీసి చూస్తే వరండా లైటు దగ్గర దొరికింది. దాని ఫేజు (కరెంటు వెళ్ళే తీగ) మా మీటరు నుంచి, న్యూట్రల్ పై పోర్షన్ మీటరు నుంచి వస్తోంది. ఎప్పుడో ఇల్లు కట్టినప్పుడు దగ్గర్లో ఉన్న తీగకు కలిపేశారు. ఆర్‌సీసీబీ పని ఒక్కటే. వెళ్ళిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే ఆపేస్తుంది. మన కరెంటు పక్క మీటరు గుండా తిరిగి వెళ్తుంటే అది ఆపడమే న్యాయం. ఇన్వర్టర్ మీద నడిచే అన్ని సర్క్యూట్లకూ కొత్తగా వేరే న్యూట్రల్ లాగించాం. ఇన్వర్టర్ పెట్టించుకునే పాత ఇళ్ళవాళ్ళు ఈ ఒక్క పని తప్పకుండా చేయించుకోండి. ట్రిప్ అవుతోందని రక్షణనే పీకేయొద్దు.

బ్యాటరీని వెనక వరండాలో, అడుగు ఎత్తు స్టాండు మీద పెట్టాం. ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది కాబట్టి గాలి ఆడే చోటే ఉండాలి, పడకగదిలో ససేమిరా వద్దు. కొండవాలు కావడంతో పెద్ద వాన పడితే మాధవధార వీధుల్లో నీళ్ళు ఉరకలేస్తాయి. అందుకే స్టాండు. సముద్రపు గాలికి టెర్మినళ్ళ మీద పచ్చటి చిలుము పడుతుంది కాబట్టి బిగించాక పైన పెట్రోలియం జెల్లీ రాశాం.

మూడు రోజుల సమస్యకు ఇంకో చిన్న ఏర్పాటు చేశాను. ఇన్వర్టర్ ఆన్‌లో ఉంటే చాలు, ఏమీ నడవకపోయినా తన కోసం పది పదిహేను వాట్లు తింటూనే ఉంటుంది. రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లు, రెండు లైట్లు, రౌటర్ నడిస్తే బ్యాటరీ తొమ్మిది గంటలకు అటూ ఇటూగా వస్తుంది. ఒక్క రాత్రికి బాగుంది, రెండో రాత్రికి? సోలార్ సామాను అమ్మే చోట 12 వోల్టుల డీసీ టేబుల్ ఫ్యాను దొరికింది, 15 వాట్లది. దానితో పాటు 5 వాట్ల డీసీ బల్బు. ఇవి రెండూ నేరుగా బ్యాటరీ నుంచి నడుస్తాయి, మధ్యలో ఇన్వర్టర్ అక్కర్లేదు. మొత్తం 20 వాట్లు. అదే బ్యాటరీ ఇప్పుడు యాభై గంటల పైన బాలింత గదికి గాలీ వెలుతురూ ఇస్తుంది. అత్తగారికి అవసరమైనప్పుడు మాత్రం ఇన్వర్టర్ వేసి, నెబ్యులైజర్ పెట్టి, మళ్ళీ ఆపేస్తాం. బ్యాటరీ పక్కనే ఫ్యూజ్ పెట్టకుండా ఈ డీసీ లైను వేయకూడదు. షార్ట్ అయితే లెడ్ యాసిడ్ బ్యాటరీ వందల ఆంపియర్లు వదులుతుంది, తీగ నిప్పంటుకుంటుంది. ఈ మొత్తం ప్రాజెక్టులో నాకు బాగా సంతోషం కలిగించింది ఈ ఫ్యానే.

నవంబరు రెండో వారం, వేడినీళ్ళు

ముందుగా గ్యాస్ పరీక్ష. సామాన్లు తూచే కొక్కెం తూకానికి సిలిండర్ వేలాడదీసి, ఇరవై లీటర్ల నీళ్ళు కాచి, మళ్ళీ తూచాను. గిన్నె మీద మూత పెడితే 60 గ్రాములు ఖర్చయింది. ఈ లెక్కన 14.2 కిలోల సిలిండర్‌తో రెండు వందల పైచిలుకు బక్కెట్లు కాచుకోవచ్చు. లక్ష రూపాయల బ్యాటరీలు చేసే పని వంటింట్లో ఉన్న సిలిండర్ చేస్తోంది! నిండు సిలిండర్ ఒకటి అదనంగా ఉంచుకోవడమే ఈ భాగానికి నేను పెట్టిన పెట్టుబడి.

గ్యాస్ గీజర్ పెట్టిద్దామా అని మా వారు అడిగారు. స్నానాల గదిలో పెట్టే గ్యాస్ గీజర్ నాకు వద్దు. తలుపు వేసుకుని స్నానం చేస్తూ, ఆ మంట నుంచి వచ్చే విషవాయువుకు స్పృహ తప్పి చనిపోయిన వాళ్ళ వార్తలు ప్రతి చలికాలం చదువుతూనే ఉన్నాం.

తర్వాత అత్తగారి రాగి బాయిలరు. అటక మీద ఎన్నేళ్ళుగానో పడి ఉంది. మధ్యలో గొట్టం, కింద జల్లెడ, పక్కన కుళాయి. పాతిక లీటర్లు పడుతుంది. పూర్ణా మార్కెట్ వైపు పాత్రల పని చేసే ఆయన దగ్గరికి పట్టుకెళ్ళి కళాయి వేయించి, కుళాయి వాషర్ మార్పించాం. పెరట్లో ఐదారు కొబ్బరికాయల చిప్పలు వేసి వెలిగిస్తే గంటలోపే నీళ్ళు 60 డిగ్రీలు దాటాయి. చన్నీళ్ళు కలుపుకుంటే రెండు బక్కెట్ల పైన. అత్తగారు మోడా వేసుకుని కూర్చుని, చిప్ప ఎప్పుడు వేయాలో, బూడిద ఎప్పుడు లాగాలో చెబుతూ ఉన్నారు. ఆ పనిలో ఆవిడకున్న లాఘవం నాకు రాదు.

కుంపటి దగ్గర మాత్రం మాట పెరిగింది. "పురిటి గదిలో కుంపటి లేకుండా ఎలాగమ్మా? చలిగాలికి పిల్ల బిగుసుకుపోదూ? మేమందరం అలా పెరిగినవాళ్ళమే కదా" అన్నారు. ఆవిడ మాటలో ప్రేమ ఉంది, అనుభవం ఉంది. అయినా ఈ విషయంలో నేను వెనక్కి తగ్గలేదు. బొగ్గు కాలేటప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. వెనకటి పెంకుటింట్లో సందుల్లోంచి గాలి ఆడేది. ఇప్పటి స్లాబు గదికి అద్దాల కిటికీలు, తుఫాను రోజున అన్నీ బిగించే ఉంటాయి. "అత్తయ్యా, గదిలో వద్దు, వరండాలో పెడదాం. పొగ మీ ఆయాసానికీ మంచిది కాదు" అన్నాను. ఆయాసం మాట పని చేసింది.

వరండాలో కుంపటికి అసలైన పని ఒకటి ఆవిడే చూపించారు. వాన రోజుల్లో పసిపిల్లల గుడ్డలు ఆరవు. కుంపటి మీద వెదురు బుట్ట బోర్లించి గుడ్డలు పరిస్తే ఆరిపోతాయి.

బిడ్డ వెచ్చదనం గురించి డాక్టరు గారిని అడిగాం. హీటర్ ఏమీ అక్కర్లేదన్నారు. డిసెంబరు రాత్రి తలుపులు వేసిన మా గదిలో 24, 25 డిగ్రీలు ఉంటుంది. టోపీ, మేజోళ్ళు, తల్లి గుండెల మీద చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టుకోవడం. దీన్నే కంగారూ కేర్ అంటారు. బరువు తక్కువగా పుట్టిన పిల్లలకు కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసే పద్ధతి ఇది. మొదటి ఇరవై నాలుగు గంటలు స్నానం చేయించొద్దని కూడా చెప్పారు.

నవంబరు మధ్య, రిహార్సల్

ఆదివారం సాయంత్రం మెయిన్ ఆపేసి, తెల్లారేదాకా అలాగే ఉన్నాం. అద్దెకున్నవాళ్ళకు ముందే చెప్పాం, వాళ్ళ మీటరుకు ఇబ్బంది లేదు. సగం రాత్రి ఇన్వర్టర్ మీద, సగం రాత్రి డీసీ ఫ్యాను మీద గడిపాం. నెబ్యులైజర్ మొదటి నొక్కుకే అందుకుంది. నిండా ఛార్జ్ అయినప్పుడు 1.240 దగ్గరున్న యాసిడ్ సాంద్రత రీడింగు పొద్దున్నకు 1.190కి దిగింది. అంటే ఇంకా సగం పైనే మిగిలి ఉంది. ఫ్రిజ్ తలుపు తెరవలేదు. ముందే ఫ్రీజర్‌లో పెట్టిన నీళ్ళ సీసాలు పొద్దున్నకు కూడా గట్టిగానే ఉన్నాయి.

కొత్తగా తెలిసినవి రెండు. వంటింట్లో లైటు లేకపోతే పొయ్యి మీది సలసల కాగే నీళ్ళు స్నానాల గదికి మోయడం ప్రమాదం. అందుకని దారి పొడవునా డీసీ లైనుకే ఇంకో రెండు చిన్న బల్బులు కలిపాం, నీళ్ళు సగం బక్కెట్ చొప్పునే మోయాలని అందరికీ చెప్పాం. రెండోది, అత్తగారికి చీకట్లో ఇన్వర్టర్ స్విచ్ ఎక్కడుందో దొరకలేదు. దాని మీద చీకట్లో మెరిసే స్టిక్కరు అంటించాను.

ఇంకా మిగిలిన పనులు: రెండో సిలిండర్ బుకింగు, డిస్టిల్డ్ వాటర్ డబ్బా, మీటరు బోర్డు పక్కన కరెంటు ఫిర్యాదుల 1912 నంబరుతో సహా ఎవరేం చేయాలో పెద్ద అక్షరాల కాగితం, కొబ్బరి చిప్పల బస్తా తడవకుండా పైకి ఎత్తి పెట్టడం. డాబా మీద ఎండతో నడిచే వాటర్ హీటర్ గురించి వేసవిలో చూస్తాను. మా బోరు నీళ్ళకు గొట్టాల్లో ఉప్పు పేరుకుంటుంది, పెద్ద గాలికి ఆ గాజు గొట్టాలు నిలవాలి. ఆ రెంటికీ సరైన జవాబు దొరికాకే కొంటాను. అమ్మాయి గురువారం రైలుకు వస్తోంది. ఈలోగా డీసీ లైనుకు స్పేర్ ఫ్యూజులు తేవాలి.